పిడికిలికి తెల్లరంగు

మా మేనత్త పోయిందని బావ నోటితో చెప్పనక్కర్లేకపోయింది. పొద్దున్నే మా ఇంటిముందు కారు ఆగిన చప్పుడైతే తలుపు తీశాను. అత్త కొడుకు, మా బావ కారే. అయితే తిన్నగా ఆగి ఉంది. ఆ కారును ఎక్కడ ఆపినా ముందు చక్రాలు పూర్తిగా ఓ పక్కకి తిప్పి ఆపాలన్నది ఇన్నేళ్లుగా మా అత్త పెట్టిన నియమం. పెళ్లిపందిరి ముందైనా, పెట్రోలు బంకు పక్కనైనా అది అట్లా మెడ తిప్పుకునే నిలబడేది. ఆ రోజు చక్రాలు తిన్నగా ఉన్నాయి. బావ దిగి, కారు తలుపు వెయ్యడం కూడా మరచి, "అమ్మ పోయింది పిల్లా" అన్నాడు.

ఆమె పేరు మీలో ఎవరికీ తెలియదు. జూలూరుపాడులో రోడ్డు పక్కన పెంకుటిల్లు, రెండు గేదెలు, కొంచెం మిర్చి చేను, ఒక్క కొడుకు. అంతే ఆమె ప్రపంచం. పత్రికలకెక్కే పనులేమీ చెయ్యలేదు. కానీ ఊళ్లో ఆమెకు ఒక చెడ్డపేరు ఉంది. అది ఎట్లా వచ్చిందో తెలిసినవాళ్లం ముగ్గురమే ఉండేవాళ్లం, ఇప్పుడు ఇద్దరం మిగిలాం. బతికున్నన్నాళ్లూ నోరు మూసుకోమంది. నాకసలే నోరాగదు, ఆమె మాట మీద ఇన్నాళ్లు ఆపుకున్నాను. ఇక ఆపుకునే పని లేదు.

నేను పుట్టకముందు మా మామయ్య కలప కంట్రాక్టరు దగ్గర జీపు నడిపేవాడు. అడవిలోంచి అడవిలోకి తిరిగే బండి అది. ఒకరోజు బయల్దేరుతూ, "బ్రేకు కొంచెం మెత్తగ దిగుతుంది, వచ్చినంక చూపిస్త" అన్నాడట. పాల్వంచ దాటాక అడవిలో ఒక దిగుడు దగ్గర జీపు ఆగలేదు. మద్దిచెట్టు ఆపింది. మనిషిని ఎద్దుబండి మీద తెచ్చారు. తర్వాత జీపును లాక్కొచ్చినవాళ్లు అత్త ఎదుటే అన్నారు: "చక్రం కాడ ఆయిల్ ఎన్నాళ్లసంది కారుతుందో ఏమో, అంతా మట్టి గదా, మట్టిల కనపడలే."

ఆ మాట ఆమెలో దిగబడిపోయింది. ఏడుపులో, దినాల్లో, ఆ తర్వాత ఏళ్ల తరబడి, పాలు పితుకుతూ కూడా ఉన్నట్టుండి అనేది: "కనపడలే అంటరు. కనపడేటట్టు ఎవరు చేసిన్రు?" వింటున్నవాళ్లకు అర్థం కాక మతి చలించిందనుకున్నారు. ఆమె మతి ఎక్కడికీ చలించలేదు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ఆమె.

అప్పటినుంచి ఆమెకు ఇంకో అలవాటు అయింది. అయిందనడం తప్పు, అందరూ కలిసి చేశారు. ఇంట్లోంచి ఎవరు ఏ పని మీద బయల్దేరుతున్నా, ఆమె ఇంటి వెనక పెరట్లోకి వెళ్లిపోయి మునగచెట్టు దగ్గర నిలబడేది. ముత్తయిదువ ఎదురొస్తే మంచిదనీ, మొగుడు పోయిన మనిషి ఎదురొస్తే పని చెడుతుందనీ కదా మనవాళ్ల నమ్మకం. సెలవుల్లో వెళ్లి తిరుగు ప్రయాణమైనప్పుడు నేను ఏడ్చేదాన్ని, అత్త ఎందుకు సాగనంపదని. బస్సు కదిలాక పెరటి దడి పైనుంచి ఒక చెయ్యి మాత్రం ఊగేది. మనిషి కనిపించేది కాదు.

తొంభైల మొదట్లో బావ కిరాయిలకు తిప్పుదామని ఒక పాత చిన్నకారు కొన్నాడు. కారు ఇంటికొచ్చిన రోజు వాడంతా వచ్చి చూసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, పసుపు కుంకుమలు పెట్టారు. అత్త పెరట్లోనే ఉంది. ఆ రోజు అన్నం ముట్టలేదు. నేను పిలవబోతే, "దాని నడక ఎట్లుందో చూసినవా?" అని అడిగింది. కారు నడక బాగానే ఉందన్నాను. "ఆగుడు?" అంది.

కొన్నాళ్లకు పాల్వంచ నుంచి మెకానిక్కు వచ్చి ఇంటిముందే బ్రేకు ఆయిల్ మార్చాడు. పోతూ పోతూ డబ్బాలో మిగిలిన నాలుగు చుక్కలు గేటు మీద ఒలకబోశాడు. బావ ఆ ముందు వారమే ఆకుపచ్చ రంగు వేయించిన ఇనపగేటు అది. సాయంత్రానికి ఆయిల్ పడినచోట రంగు పొంగి, ముడతలు పడి, గోటితో తీస్తే తోలులా ఊడొచ్చింది. బావ మెకానిక్కును తిట్టిపోశాడు. అత్త మాత్రం చీకటి పడేదాకా ఆ గేటు దగ్గర కూచుంది. ఊడిన రంగుని వేళ్ల మధ్య నలుపుతూ, కొడుకుని పిలిచి, "ఈ ఆయిల్ పడితే ఏ రంగన్న గిట్లనే లేస్తదా?" అంది.

"అవ్. రంగుకు అది విషం."

"అయితే చక్రాల కాడ రంగేద్దం."

బావకు అర్థం కాలేదు. నాక్కూడా కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. బ్రేకు దగ్గర రంగుంటే, ఆయిల్ కారినప్పుడు రంగు లేస్తుంది. మట్టి కప్పినా లేస్తుంది. లేస్తే కనపడుతుంది. అంతే.

ఆ దసరా సెలవుల్లో నేనక్కడే ఉన్నాను కాబట్టి మొదటిసారి రంగువేసే పనిలో నా చెయ్యి కూడా పడింది. వాకిట్లో కారును జాకీ మీద లేపి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బావ ముందు చక్రం ఊడదీశాడు. లోపల మెరిసే ఇనప పళ్లెం, దాన్ని రెండు వైపుల నుంచి కరిచి పట్టుకున్న నల్లటి ఇనప ముద్ద. నేను అదేమిటని అడిగాను.

"మెకానిక్కు ఏందో కాలిపరంటడు. నాకు నోరు తిరగదు," అంది అత్త. "నువ్వే చూడు, తిరిగే చక్రాన్ని గట్టిగ పట్టుకునే పిడికిలి లెక్క లేదా? పిడికిలే అది."

ఆనాటి నుంచి మా ఇంట్లో దాని పేరు పిడికిలే.

తీగల బ్రష్షుతో తుప్పు గీకి, కిరసనాయిలుతో కడిగి, ఆ జిడ్డు పోయేదాకా పెట్రోలు గుడ్డతో తుడిచింది. పళ్లెం మీద చుక్క రంగు పడినా బ్రేకు జారుతుందని బావ చెబితే, దానికి పాత పేపరు చుట్టింది. రబ్బరు ఉన్నచోటల్లా గుడ్డపీలికలు కట్టింది. తర్వాత చిన్న బ్రష్షుతో మొదలుపెట్టింది. నలభై ఏళ్లుగా ముగ్గులు పెట్టిన చెయ్యి అది. ఆయిల్ గొట్టం వచ్చి కలిసేచోట చుట్టూ, మూలల్లో, గీత దాటకుండా పలచగా ఒక పూత, ఆరాక ఇంకో పూత. మందంగా వేస్తే లోపల ఏం జరిగినా దాచిపెడుతుందట.

రంగుడబ్బా మూత తీసినప్పుడు మాత్రం బావ మొహం మాడ్చుకున్నాడు. తెల్లరంగు.

"సోకు చేసేటోళ్లు ఎర్రరంగు వేసుకుంటరు. ఇదేందమ్మా, బండికి గూడ తెల్లచీర కడుతున్నవా?"

నోరు జారిన సంగతి అతనికే తెలిసి, పానా వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు. అత్త బ్రష్షు ఆపలేదు.

"అవ్ బిడ్డా. తెల్లచీర మీద మరక దాగదు. కట్టుకునేదాన్ని, నాకు తెల్వదా?"

అది మొదలు ప్రతి దసరాకూ అందరూ బండ్లకు పూజలు చేస్తుంటే మా అత్త పిడికిళ్లకు రంగు వేసేది. రోజూ పొద్దున బావ లేవకముందే చక్రం పక్కన గొంతుక్కూచుని, మామయ్య గడ్డం గీసుకున్న చిన్న అద్దాన్ని చక్రం వెనక్కి చాపి, గొట్టం కలిసేచోట చూసేది. చక్రాలు ఓ పక్కకి తిప్పి ఆపమన్నది అందుకే. ఈ పూట ఎడమకు తిప్పితే రేపు కుడికి. వాడలో ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు: "గీ వయసుల అద్దమేంది, అదీ చక్రం కింద!" బావ కూడా ఎగతాళి చేసేవాడు, భద్రాద్రి రాముడు ఉన్నాడు కదమ్మా అని. "ఉన్నడు," అనేది ఆమె. "ఎన్ని బండ్లని చూస్తడు? మన బండి మనం చూసుకోవాలె."

చూడటం అయిపోగానే అద్దం చెంగులో దాచుకుని పెరట్లోకి పోయేది. కిరాయివాళ్లు వచ్చేసరికి ఆమె మునగచెట్టు కింద ఉండాలి.

ఒక ఏడు ఎండాకాలంలో రంగు లేచిందని ఆమె గోల చేస్తే, బావ ఒక పెళ్లి కిరాయి వదులుకుని మెకానిక్కు దగ్గరికి పోయాడు. అన్నీ విప్పి చూసి ఏమీ లేదన్నాడు మెకానిక్కు. నాసి రంగు, వేడికి పొక్కిందంతే. బావ నెలరోజులు సణిగాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మరుసటి ఏడు జరిగినదానికి అతన్ని మీరు మరీ తిట్టుకోకుండా ఉండాలని.

ఆ మరుసటి ఏడు వేసవిలో నేను అక్కడ ఉండగానే, అత్త వాడలోనే ఉండే ఒక ఇంటివాళ్లు భద్రాచలంలో మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి కారు మాట్లాడుకున్నారు. నాయనమ్మ, కొడుకు, కోడలు, ఒడిలో పిల్లాడు. తునికాకు ఆరబెట్టే కాలం. ఆ పొద్దున గాలి లేదు, కుక్క కూడా మొరగలేదు. నేను పళ్లు తోముకుంటుంటే అత్త చక్రం దగ్గర్నుంచి లేచింది. గోడ పట్టుకుని నడిచి, గేదెలకు గడ్డి వేస్తున్న బావ దగ్గరికి పోయింది. వెనకే నేనూ పోయాను.

"బిడ్డా, రంగు లేచింది. గొట్టం కాడ. అప్పడం మీద పొక్కు లెక్క."

"ఎండకు లేచి ఉంటదమ్మా. పోయినేడు గట్లనే అంటివి, ఏం లేకపాయె."

"తడిగ ఉంది."

"నీళ్లు పడ్డయేమో. ఆళ్లు తయారై కూసున్నరు, ముహూర్తం దాటుతది." బావ చేతులు దులుపుకున్నాడు. "నీ మాట ఎందుకు కాదనాలె, వచ్చినంక చూపిస్త."

ఆ మాట ఎక్కడ విన్నదో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అతనికి తెలియదు. తండ్రి పోయేనాటికి పాలు తాగే పిల్లాడు, ఆ మాట ఆమె నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బావ వెళ్లిపోయాడు. ఆమె నావైపు చూసింది. తర్వాత పెరట్లోకి నడిచింది. ఓడిపోయిందనుకున్నాను.

అందరూ కారెక్కారు. కోడలు పిల్లాడికి టోపీ సర్దింది. బావ బండి స్టార్ట్ చేశాడు. అప్పుడు ఇంటి మూల తిరిగి వచ్చింది మా అత్త. తెల్లచీర, బోసి నుదురు, చంకలో ఖాళీ బిందె. నెమ్మదిగా నడిచి, కారుకి సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడింది. ఇరవై ఏళ్లలో ఎవరూ బయల్దేరేటప్పుడు ఆ వాకిట్లో ఆమె కాలు పెట్టగా నేను చూడలేదు.

లోపల నాయనమ్మ కెవ్వుమంది. "అయ్యో, అయ్యో! గిదేందమ్మా! దిగుండ్రి, జల్దీ దిగుండ్రి! పిల్లగాని పుట్టెంటికలకు పోతుంటే, ముండమోసినదానివి, ఖాళీ బిందెతోని ఎదురొస్తవా? నీ కండ్లు పోయినయా?"

అత్త కదల్లేదు. తల కూడా దించలేదు. అందరూ దిగి, మూట తీసుకుని, తిట్టుకుంటూ బస్టాండు వైపు పోయేదాకా ఆ బిందె పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆ తర్వాతి తిట్లలో ఒక్కటైనా ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రాదు.

బావ కోపం చెప్పనలవి కాదు. తల్లివైపు చూడకుండా, కారును ఇంటి పక్క సందులోకి పెడదామని విసురుగా కదిలించాడు. మలుపులో బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. మళ్లీ తొక్కాడు. అది మామూలు నడక వేగంతోనే పోయి పక్కింటివాళ్ల గడ్డివాములో మూతి పెట్టి ఆగింది. దెబ్బ లేదు, చప్పుడు లేదు. గడ్డి మాత్రం అద్దం మీద రాలింది. బావ ఎంతసేపటికీ దిగలేదు. నేను పోయి చూస్తే, వట్టి కాలితో పెడల్ నొక్కుతూనే ఉన్నాడు. ప్రతిసారీ అది నేలకి దిగి అక్కడే ఉండిపోతోంది. పాల్వంచ అవతల అడవి దిగుడు మా ఇద్దరి కళ్ల ముందూ ఉంది.

అత్త "చెప్పలేదా" అనలేదు. బిందె బావి దగ్గర పెట్టి, కిరసనాయిలు సీసా, తీగల బ్రష్షు తీసుకొచ్చి చక్రం పక్కన పెట్టింది.

సాయంత్రం బావ చొక్కా వేసుకుని బయల్దేరాడు. "అమ్మా, నేను పొయ్యి ఆళ్లకు అసలు సంగతి చెప్పొస్త. నిన్ను అన్ని మాటలన్నరు."

"ఏమని చెప్తవ్? నా బండికి బ్రేకుల్లేకుండె అనా? రేపటిసంది నీ బండి ఎవరెక్కుతరు?" ఆమె అతని మోచెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. "నా పేరు చెడిపొయ్యి శానా ఏండ్లైంది బిడ్డా. దానికింక చెడనీకి ఏం లేదు. బండి పేరు చెడగొట్టకు."

నేను పోయి చెబుతానని లేచాను. నాకు కోపం, ఏడుపు రెండూ వస్తున్నాయి. "నువ్వు నోరు మూసుకో," అంది నాతో. "నేను పోయేదాక."

అట్లా ఆ ఊళ్లో ఆమెకు పేరు స్థిరపడింది. కావాలని శుభానికి అడ్డమొచ్చే మనిషని. పెళ్లివాళ్లు బావ కారు మాట్లాడుకోవడం తగ్గించారు. దవాఖానాకు పోయేవాళ్లు మాత్రం వచ్చేవారు, రోగం శకునం చూడనివ్వదు కదా. ఆమె వీధిలోకి వస్తే తలుపులు వేసుకునేవారు. ఆ నాయనమ్మ ఆ తర్వాత మా అత్తతో మాట్లాడనే లేదు. ఆ మనవడు ఇప్పుడు బడికి పోతున్నాడు. అల్లరి పిల్లాడు, మామిడికాయల కోసం మా అత్త దడి దూకేవాడు. అత్త అదిలించేది కాదు, కిటికీలోంచి చూస్తూ కూచునేది. ఇంట్లో కాయలుంటే దడి పక్కన పెట్టి వచ్చేది.

మొన్న వానాకాలం చివర ఆమెకు జ్వరం తిరగబెట్టింది. ఖమ్మంలో దవాఖానాలో పెట్టారు. చూడ్డానికి పోతే మనిషి మంచానికి అతుక్కుపోయి ఉంది. బావ రోజూ వచ్చేవాడు. తలుపు దగ్గర అతని అడుగు వినిపించగానే కళ్లు తెరిచి ఒకటే అడిగేది: "రంగు చూసినవా?" "చూసిన అమ్మా, మంచిగుంది," అనేవాడు. అప్పుడు కళ్లు మూసుకునేది. చివరిరోజు మాట స్పష్టంగా లేకపోతే, పిడికిలి బిగించి చూపించిందట. బావ తల ఊపాడట.

దహనం అయ్యాక అస్థికల కుండ ఇంట్లోకి తేకూడదని పెరట్లో మునగచెట్టుకు కట్టారు. గోదావరిలో కలపడానికి భద్రాచలం బయల్దేరాం. ఆడవాళ్లు రావద్దన్నారెవరో, నేను వినలేదు. బావ భార్య, నేను కారులో కూచున్నాం. కుండ తీసుకొచ్చాక బండి నడపాల్సింది బావే. పెరట్లోకి పోయాడు.

ఇంటి మూల తిరిగి, తెల్లగుడ్డ కట్టిన కుండ రెండు చేతులతో గుండెకు పట్టుకుని వచ్చాడు. కారు ఎదురుగా వచ్చాక, ఎందుకో కాళ్లు ఆగిపోయాయి. ఆనాడు ఆమె బిందెతో నిలబడిన చోటే. కారుకేసి చూశాడు, కుండకేసి చూశాడు.

కిటికీలోంచి కుండ నా ఒడిలో పెట్టి, "అమ్మ అద్దం ఎక్కడుంది?" అని భార్యని అడిగాడు. ఆమె దిగి గూట్లోంచి తెచ్చిచ్చింది. బావ చక్రం పక్కన గొంతుక్కూచుని, తల్లి చాపినట్టే అద్దాన్ని వెనక్కి చాపాడు. చాలాసేపు లేవలేదు. తర్వాత చెయ్యి లోపలికి పెట్టి, తీసి, నాకు చూపించాడు. బొటనవేలికి తడి. ఆ తడికి అతుక్కుని, ముడతలు పడిన తెల్లటి రంగుపొర.

"రోజూ అడిగింది పిల్లా," అన్నాడు. "రోజూ చూసిన అన్న. ఒక్కనాడు చూడలే."

అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు, చక్రానికి నుదురు ఆనించి.

బస్సులో పోయాం. పాల్వంచ దాటాక అడవి మొదలైంది. ఆ దిగుడు వచ్చినప్పుడు బస్సు నింపాదిగా దిగింది. నేను కుండను గట్టిగా పట్టుకున్నాను. ఆ నాయనమ్మ ఈ రాత చదివితే, లేదా ఆమెకెవరైనా చదివి వినిపిస్తే బాగుండును. మీ మనవడికి ఎదురొచ్చింది అపశకునం కాదమ్మా, మా అత్త.

గోదావరిలో అస్థికలు కలిపాక బావ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చేతులు కడుక్కున్నాడు. బొటనవేలి మీది తెల్లపొర పోలేదు. ఇసుకతో రుద్దాడు, గోటితో గీకాడు. కొంతసేపటికి రుద్దడం మానేసి, ఆ వేలిని లోపలికి మడిచి, పిడికిలి బిగించుకుని మెట్లెక్కి వచ్చాడు.